పైన ఒక్క ముక్క

కాళ్లు తయారుచేసే కార్ఖానా ఉందంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. కానీ ఉంది. కింది అంతస్తులో ఒక మేస్త్రి, ఆరుగురు పనివాళ్లు, పారిస్ ప్లాస్టర్ బస్తాలు, రబ్బరు పాదాలు, తోలు పట్టీలు. పై అంతస్తులో మేనేజరు గది, దాన్ని ఆనుకుని మెట్ల మలుపులో ఇంకో చిన్న గది. ఆ చిన్న గదిలో, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగే పాత కంప్యూటరు ముందు పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నావిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ టపాలక్క.

ఆవిడ పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కాదు. ఇక్కడి పెట్టుడు కాలు వేసుకున్నవాళ్లు, వేసుకోబోయేవాళ్లు, వాళ్ల చుట్టాలు, ఆసుపత్రివాళ్లు, అందరూ ఒకే చిరునామాకి మెయిలు రాస్తారు. టపాలక్క ప్రతిదీ చదివి, అది ఎవరి పనో వాళ్లకి ఫార్వర్డు చేస్తుంది. మౌసు లేదు, బొమ్మలు లేవు. తెర మీద ఉత్తరాలు నంబర్లు తగిలించుకుని వరసగా నిలబడతాయి. ఎఫ్ కొట్టాలి, ఉత్తరం నంబరు కొట్టాలి, ఎవరికి వెళ్లాలో కొట్టాలి. ఆ పైన మన తరఫున చెప్పాల్సింది రాసి, కింది వరసలో ఒంటరిగా ఒక చుక్క పెడితే ఉత్తరం కదులుతుంది. చుక్క మరిచిపోతే మాత్రం సాయంత్రం దాకా కూర్చున్నా మొండికేసిన గేదెలా అక్కడే ఉంటుంది. ఆ తెరకి తెలుగు లిపి రాదు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. పంతొమ్మిదేళ్లలో అందరి కళ్లూ దానికి అలవాటు పడిపోయాయి.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. కాలు వేసుకునే మనిషిని మేస్త్రి ఎన్నడూ చూడడు. కొలతలు మెయిల్లో వస్తాయి, ప్లాస్టర్ అచ్చులు ఆసుపత్రుల నుంచి పెట్టెల్లో వస్తాయి, తయారైన కాళ్లు మళ్లీ పెట్టెల్లోనే వెళ్తాయి. ఆ వెళ్లిన కాలు ఏమైందో మేస్త్రికి తెలియాలంటే టపాలక్క పంపే ఉత్తరమే దిక్కు. ఆవిడ పైన చుక్క పెట్టగానే కింద వాషు బేసిన్ పక్కనున్న ప్రింటరు కర్రుకర్రుమని కాగితం కక్కుతుంది. మేస్త్రి చేతులు ఎప్పుడూ ప్లాస్టరులోనే ఉంటాయి. ఉత్తరాలు రాసేవాళ్లేమో కాలు నొప్పి చెప్పడానికి ఏడు తరాల చరిత్రతో మొదలుపెడతారు. అంతా చదివే ఓపిక ఆయనకి లేదు. అందుకని మొదటి వారంలోనే ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది: ఫార్వర్డు చేసేటప్పుడు టపాలక్క పైన ఒక్క ముక్క రాస్తుంది, మేస్త్రి ఆ ఒక్క ముక్కే చదువుతాడు.

ఆ ముక్కలు రాయడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. "ఎడమ కాలు, మోకాలి కింద. పట్టీ ఒరుసుకుంటోంది. మనిషి తొందరపడుతున్నాడు, మీరు పడకండి." అని ఒకటి. "పది వాక్యాలు తిట్లే, వదిలెయ్యండి. పదకొండోదాంట్లో విషయం ఉంది: మడమ ఎత్తు ఎక్కువైంది." అని ఇంకొకటి. పైన ముక్క లేని కాగితం వస్తే మేస్త్రికి అది ఉత్తరమే కాదు. ప్లాస్టరు కింద పరుచుకోవడానికి పనికొచ్చే కాగితం, అంతే.

ఇదంతా చక్కగానే నడిచింది. ఒక్క చోట మాత్రం తేడా వచ్చింది. మొదట్లో ఉన్న మేనేజరు పోతూ పోతూ కాదు, వస్తూ వస్తూనే ఒక నియమం పెట్టాడు. పని ఉన్న ఉత్తరాలే కిందికి వెళ్లాలి, పని లేనివి వెళ్లకూడదు, పనివాళ్ల సమయం పాడవుతుంది. "మీ కాలు బాగుంది, సంతోషం" అని ఎవరైనా రాస్తే అందులో చెయ్యాల్సిన పనేముంది? కాబట్టి టపాలక్క వాటిని చదువుకుని, కాసేపు తనలో తను మురిసిపోయి, ఎస్ కొట్టి ఒక అరలో దాచేది. ఆ అరకి ఆవిడ పెట్టుకున్న పేరు 'ఊరికే'. ఆ మేనేజరు వెళ్లి పుష్కరం దాటింది. తర్వాత ఇద్దరు మారారు. నియమం మాత్రం గోడకి కొట్టిన మేకులా అలాగే ఉండిపోయింది, దాన్ని పీకాలన్న ఆలోచన టపాలక్కకీ రాలేదు.

ఒక సోమవారం పొద్దున్న తెర మీద బాణం గుర్తు పన్నెండో నంబరు దగ్గర ఆగింది. పంపినవారు: కింది అంతస్తు. టపాలక్క కళ్లజోడు తుడుచుకుంది. మేస్త్రి ఎన్నడూ మెయిలు పంపిన పాపాన పోలేదు. కింద ప్రింటరు పక్కనున్న కంప్యూటరు మీద ప్లాస్టరు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టినట్టున్నాడు. తనకి తెలిసింది ఒకే చిరునామా, దానికే పంపాడు. "అయ్యా, ఈ నెలాఖరుకి పని మానుకుంటున్నాను. ఇన్నేళ్లలో నా వల్ల ఒరిగిందేమీ లేదు. సెలవు."

ఏ ఉత్తరమైనా ఆ రోజుకారోజు వెళ్లిపోవాలన్నది టపాలక్క పట్టుదల. ఎఫ్ కొట్టింది, పన్నెండు కొట్టింది, మేనేజరు అని కొట్టింది. పైన ముక్క రాయడానికి ఖాళీ వచ్చింది. అక్కడ చేతులు ఆగిపోయాయి. ఏం రాస్తుంది? పంతొమ్మిదేళ్లు కింద ఆయన గరుకు తీసే ఆకురాయి చప్పుడు వింటూ పైన ఈవిడ పని చేసింది. ఆయన లేని ఆ కింది అంతస్తు ఆవిడ ఊహకి అందలేదు. రాసింది రద్దు చేసి, ఉత్తరాన్ని ఉన్నచోటే వదిలేసి, మంచినీళ్లు తాగింది. ఒక ఉత్తరాన్ని ఆవిడ తొక్కిపెట్టడం అదే మొదటిసారి.

అదే రోజు మధ్యాహ్నం కొత్త మేనేజరు వచ్చి ఇంకో కబురు చెప్పాడు. పాత మెయిలు యంత్రానికి కాలం చెల్లింది, శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆపేస్తారు, సోమవారం నుంచి కొత్తది. పాతదాంట్లో ఉన్నవి కొత్తదాంట్లోకి రావు, కావలసినవేమైనా ఉంటే ఈలోగా చూసుకోమన్నాడు. మనిషి మంచివాడే, చిన్నవాడు, నిలబడి మాట్లాడేవాడు కాదు, ఎప్పుడూ నడుస్తూ మాట్లాడేవాడు. చెప్పడం పూర్తయ్యేసరికి కారిడార్ చివర ఉన్నాడు.

మంగళవారం టీ వేళకి టపాలక్క కిందికి దిగింది. మేస్త్రి ఒక చీలమండ దగ్గర గరుకు తీస్తున్నాడు. ఆవిడ పక్కన నిలబడి, మెయిలు వచ్చిందని, ఇంకా పైకి పంపలేదని చెప్పి, ఏమైందని అడిగింది. ఆయన చేతిలో పని ఆపకుండానే సమాధానం చెప్పాడు.

"ఏమైందని చెప్పను చెల్లెమ్మా. పంతొమ్మిదేళ్లు. నువ్వు పంపిన ప్రతి కాగితమూ చదివాను. నొప్పి, వదులు, కిర్రు, ఒరుపు. ఒక్క కాలు కూడా సుఖంగా నడిచినట్టు లేదు. చేతకాని పని ఇంకా ఎన్నాళ్లు చెయ్యమంటావు?"

టపాలక్కకి అప్పుడు వెలిగింది. సమస్య ఉన్న ఉత్తరాలే పంపితే ఆయనకి లోకమంతా సమస్యలే కనపడవూ! వందకి అయిదుగురు నొప్పి అని రాస్తే ఆ అయిదుగురే కిందికి వెళ్లారు. మిగతావాళ్లలో సంతోషంగా రాసినవాళ్లందర్నీ తన చేత్తో తనే అరలో పెట్టి తలుపేసింది. ఆ మాట అక్కడే చెప్పేద్దామనుకుంది గాని, చెప్తే ఓదార్పు అనుకుంటాడు. ఓదారిస్తే ఆయనకి ఒళ్లు మంట. చూపించాలి, అంతే. గబగబా మెట్లెక్కి 'ఊరికే' తెరిచింది. మూడు వందల పదహారు ఉత్తరాలు.

బుధవారం ఒక తెలివితక్కువ పని చేసింది. తెలివి ఎక్కువై చేసిందనుకున్నా తప్పు లేదు. ఒకటి నుంచి నలభై దాకా అని ఒక్క దెబ్బలో కొట్టి, మేస్త్రికి ఫార్వర్డు చేసింది. ఉత్తరాలే మాట్లాడతాయి కదా, మధ్యలో నా గోలెందుకు అనుకుని పైన ఏమీ రాయలేదు, చుక్క పెట్టేసింది. కింద ప్రింటరు పావుగంట సేపు కర్రుకర్రుమంది. ఆవిడ చెవులు రిక్కించుకుని కూర్చుంది. ప్రింటరు ఆగింది. ఆకురాయి మాత్రం ఆగలేదు.

భోజనాల వేళ ఉండబట్టలేక వెళ్లి చూస్తే ఏముంది! ఆ కాగితాలన్నీ బల్ల మీద నీటుగా పరిచి, వాటి మీద మూడు తడి ప్లాస్టరు అచ్చులు ఆరబెట్టి ఉన్నాయి. ఒక తొడ అచ్చు కింద నుంచి "నా జీవితంలో ఇంత ఆనందం" అన్న వరస సగం తొంగిచూస్తోంది. పైన ముక్క లేదు మరి. ఒప్పందం ఒప్పందమే. మేస్త్రి తలెత్తి, పై మిషనుకి ఏమైనా పిచ్చెక్కిందా అని అడిగాడు. టపాలక్క నవ్వాలో ఏడవాలో తెలియక, తనకే ఎక్కిందని చెప్పి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో వంట చేస్తూ అంతా చెప్పుకుంది. ఆవిడ భర్త బడి బస్సు నడుపుతాడు. కంచాలు సర్దుతూ, మూడు వందల ముక్కలు రెండు రోజుల్లో రాయడం అయ్యే పనేనా అని లెక్క వెయ్యబోయాడు. అత్తగారు ఆ లెక్క సాగనివ్వలేదు. ఎనభై రెండేళ్ల ఆవిడకి చెవులు మందగించాయి గాని, కావలసినవన్నీ వినపడతాయి. చెడ్డ కబురుకి కాళ్లుంటాయి, మంచి కబురుని మనమే ఎత్తుకుని తీసుకెళ్లాలి అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఒకళ్ల గురించి మంచి మాట వస్తే నువ్వెందుకే దాచుకున్నావు? తలకింద పెట్టుకుని పడుకోవడానికా?"

తప్పు తనదేనని టపాలక్కకి ముందే తెలుసు, ఇంకొకరు అంటే మాత్రం చురుక్కుమంది. కానీ ఆ చురుకే పని చేసింది. మర్నాడు గంట ముందే వెళ్లి గది తలుపు తీసింది.

గురువారం మొదటి ఉత్తరానికి పైన ఇలా రాసింది: "అన్నయ్యగారూ, ఇందులో పని లేదు. అందుకే అప్పుడు పంపలేదు. 'ఊరికే' అని పేరు పెట్టి దాచాను. ఇలాంటివి మూడు వందల పదహారున్నాయి. తప్పు నాది. చదవండి." చుక్క పెట్టింది. ప్రింటరు మోగింది. కాసేపటికి ఆకురాయి చప్పుడు ఆగింది. ఒక నిమిషం. మళ్లీ మొదలైంది.

ఇక ఆవిడ చేతులకి పట్టపగ్గాల్లేవు. ఎఫ్, రెండు, ముక్క, చుక్క. ఎఫ్, మూడు, ముక్క, చుక్క. మధ్యలో రోజువారీ ఉత్తరాలొస్తే బాణం గుర్తు వాటి మీదికి జరిగిపోయేది. నంబరు కొట్టడం మరిచిపోతే ఆ ప్రోగ్రాం బాణం ఎక్కడుంటే ఆ ఉత్తరమే పంపుతుంది. అలా ఒకసారి రబ్బరు పాదాల కంపెనీ ధరల పట్టిక "ఇది చదివి నేను ఏడ్చాను" అన్న ముక్కతో కిందికి వెళ్లింది. ధరలు చూసి తనకీ ఏడుపొచ్చిందని మేస్త్రి ఒక పనివాడితో కబురు పంపాడు. ఆ వారంలో ఆయన వేసిన మొదటి జోకు అదే. టపాలక్కకి ప్రాణం లేచొచ్చింది.

ఒక్కో ఉత్తరం చదువుతుంటే ఆవిడకి పాత చుట్టాలు పలకరించినట్టుంది. ఒకాయన రాశాడు: "నిన్న బస్సు వెనక పరిగెత్తాను. అందలేదు. అయినా పరిగెత్తాను." పైన టపాలక్క రాసింది: "బస్సు పోయింది. మనిషి మాత్రం మహా ఖుషీగా ఉన్నాడు." ఒక టీచరమ్మ తన విద్యార్థులకి ఏ కాలు పెట్టుడుదో కనుక్కోమని పందెం పెడితే తరగతి మొత్తం ఓడిపోయిందట. దాని పైన: "ముప్ఫై ఇద్దరు పిల్లలు, అరవై నాలుగు కళ్లు. మీ పని కనిపెట్టలేకపోయాయి." మేడల మీద నీళ్ల ట్యాంకులు కడిగే ఒకాయన, ఏడాదిలో ఎన్ని నిచ్చెనలెక్కాడో జాబితా మాత్రమే పంపాడు, ఇంకొక్క మాట లేదు. దాని పైన: "ఈయన మీలాగే, మాటలు తక్కువ."

శుక్రవారం పొద్దున్నకి నూట అరవై దాటాయి. కింద ఆకురాయి ఆగడం ఎక్కువైంది. ఒక నిమిషం కాస్తా అయిదు నిమిషాలైంది. పదిన్నరకి కొత్త మేనేజరు నడుస్తూ వచ్చి, ప్రింటరు కాగితం పెట్టె రెండు రోజుల్లో ఖాళీ ఎందుకైందని అడిగాడు. పని లేని ఉత్తరాలు కిందికి పంపుతున్నారట, నియమం ఉంది కదా అన్నాడు. మామూలుగా అయితే టపాలక్క తలవంచుకునేదే. ఆ రోజు మాత్రం కుర్చీ తిప్పి కూర్చుంది.

"ఆ నియమం పెట్టినాయనకి కాళ్లు చెయ్యడం తెలీదండి. పంతొమ్మిదేళ్లు పాటించిన నాకు బుద్ధి లేదు. ఇదిగో, ఇది చదివి అప్పుడు చెప్పండి."

తెర మీదున్నది ఒక బేకరీ పనివాడి ఉత్తరం. మేస్త్రి పంపిన కాలు మోకాలి దగ్గర కిర్రుమంటుంటే రెండేళ్ల కిందట ఆ బేకరీ మనిషి రాసిన ఫిర్యాదు కిందికి వెళ్లింది. మేస్త్రి ఆ మోకాలు మూడుసార్లు మార్చి పంపాడు, అయినా కిర్రు పోలేదని వారం రోజులు మూతి ముడుచుకున్నాడు. తర్వాత వచ్చిన ఈ ఉత్తరం మాత్రం అరలో ఉండిపోయింది. "ఇక బాగుచెయ్యకండి. నేను సందు మలుపు తిరగ్గానే ఆ కిర్రు విని మా పాప తలుపు తీస్తోంది. నిన్న నోటితో ఆ చప్పుడు చేసి చూపించింది కూడా. దయచేసి అలాగే ఉండనివ్వండి."

మేనేజరు నిలబడి చదివాడు. స్టూలు లాక్కుని కూర్చుని ఇంకోసారి చదివాడు. దాని పైన ఏం రాస్తారని అడిగాడు. టపాలక్క కొట్టి చూపించింది: "కిర్రు పోలేదు. పోకూడదట. పాప ఆజ్ఞ." ఆయన పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకుని, ఈ తొందర దేనికి అని మాత్రం అడిగాడు. అయిదింటికి యంత్రం ఆగిపోతుంది కదండీ అంది టపాలక్క. పన్నెండో నంబరు ఊసెత్తలేదు. పది నిమిషాల్లో రెండు పెట్టెల కాగితం కిందికి వెళ్లింది, మేనేజరే మోసుకెళ్లాడు.

మధ్యాహ్నం మూడున్నరకి మూడు వందల పదహారోది వెళ్లింది. వేళ్లు పట్టేశాయి. కింద నుంచి ఏ చప్పుడూ లేదు. ప్రింటరూ లేదు, ఆకురాయీ లేదు, పనివాళ్ల మాటలూ లేవు. టపాలక్కకి భయం వేసింది. ఎక్కువైపోయిందా? పంతొమ్మిదేళ్లు దాచి ఇప్పుడు తెచ్చి కుమ్మరించావా అని కోపం వచ్చిందా? రేపు ఎలాగూ సెలవు, ఎల్లుండి ఆదివారం. అయిదయ్యేలోపు ఆ పన్నెండో నంబరు మేనేజరుకి పంపక తప్పదు, యంత్రం ఆగాక పంపడానికి ఉత్తరమే ఉండదు. ఒకళ్ల రాజీనామాని మింగెయ్యడం తన వల్ల కాదు.

నాలుగింటికి మెట్ల మీద బరువైన అడుగులు వినపడ్డాయి. మేస్త్రి. పంతొమ్మిదేళ్లలో ఆయన ఆ గదికి రావడం అదే మొదలు. గడప దగ్గర నిలబడ్డాడు. కనుబొమల మీద ప్లాస్టరు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెల్లెమ్మా, నువ్వు పంపినట్టే పైన ముక్క రాసి పంపాలంటే ఏం కొట్టాలి?"

ఏ బంధువుకో ఒక ఉత్తరం చూపించుకుంటాడు కాబోలు అనుకుంది. చీటీ మీద రాసి ఇచ్చింది: ఎఫ్, నంబరు, ఎవరికో, ముక్క, చివర ఒంటరి చుక్క. చుక్క మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పింది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. పని మానడం గురించి అడుగుదామని నోటి దాకా వచ్చింది, అడగలేకపోయింది.

నాలుగూ నలభైకి కంప్యూటర్లు చూసే ఆయన సంచీ తగిలించుకుని వచ్చి, పాత యంత్రం వైర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. టపాలక్క ఇక లాభం లేదనుకుంది. ఎఫ్ కొట్టింది, పన్నెండు కొట్టింది, మేనేజరు అని కొట్టింది. పైన ఖాళీలో మెల్లగా రాసింది: "ఈయన చేసిన కాళ్లు నడుస్తున్నాయి. దయచేసి ఈయన్ని వెళ్లనివ్వకండి." ఇక చుక్క పెట్టడమే తరువాయి. వేలు చుక్క మీద ఉంది. అప్పుడు తెర అడుగున ఒక వరస వెలిగింది: కొత్త ఉత్తరం వచ్చింది.

రాసినదాన్ని రద్దు చేసి ఉత్తరాల జాబితాకి వచ్చింది. బాణం గుర్తు కొత్తదాని మీద నిలబడింది. పంపినవారు: కింది అంతస్తు. తెరిచింది. కింద ఉన్నది సోమవారం నాటి ఆయన ఉత్తరమే, ఆయన మెయిలు పెట్టెలో మిగిలిన నకలు, అక్షరం మారకుండా ఉంది. దాని పైన, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టిన ఒక్క ముక్క ఉంది.

"చెల్లెమ్మా, ఇందులో పని లేదు. ఊరికేలో పెట్టెయ్."

టపాలక్క ఆ వరస మూడుసార్లు చదివింది. నవ్వుతుంటే కన్నీళ్లొచ్చాయి, తుడుచుకుంటుంటే మళ్లీ నవ్వొచ్చింది. ఎస్ కొట్టింది, ఊరికే అని కొట్టింది. పన్నెండో నంబరుకీ అదే చేసింది. రెండూ ఆ అరలోకి వెళ్లిపోయాయి.

అయిదు కావస్తుంటే కంప్యూటర్ల ఆయన స్విచ్చి మీద చెయ్యి వేసి, పెట్టెలో చాలా ఉన్నట్టున్నాయి, ముఖ్యమైనవేమైనా ఉంటే ఆగమంటారా అని అడిగాడు. అన్నీ ఎవరికి చేరాలో వాళ్లకి చేరిపోయాయని, ఉన్నవి ఊరికే ఉన్నాయని చెప్పింది టపాలక్క. కొత్తదాంట్లో ఫార్వర్డు చేసేటప్పుడు పైన ఒక్క ముక్క రాసుకోవడానికి చోటుంటుందా అని మాత్రం అడిగింది. ఎంతైనా రాసుకోవచ్చన్నాడు ఆయన. అంత అక్కర్లేదంది ఆవిడ.

ఆకుపచ్చ అక్షరాలు ఆరిపోయాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. టపాలక్క సంచీ భుజాన వేసుకుని దీపం ఆర్పుతుండగా, కింద ఆకురాయి మళ్లీ మొదలైంది.